దేవదాసు తాగుబోతు కథ కాదు

జువ్వలదిన్నె ఒడ్డు నుంచి మాట్లాడుతున్నా. శరత్ నవల 1917లో వచ్చింది, వేదాంతం రాఘవయ్య తీసిన మన 'దేవదాసు' 1953లో. ఇప్పటికీ ఎవడైనా గడ్డం పెంచితే "ఏంట్రా, దేవదాసులా?" అంటాం. ఎందుకు?

మనకి గుర్తుండేది అక్కినేని చేతిలో సీసా. కానీ కథ చెడింది అక్కడ కాదు. పార్వతి పరువు పక్కనపెట్టి, అర్ధరాత్రి అతని గదికొచ్చి అడిగింది. నాన్న మాట దాటలేక వద్దని ఉత్తరం రాశాడు. తప్పు తెలుసుకుని వచ్చేసరికి ఆలస్యమైపోయింది.

బీటెక్ ఫైనలియర్లో ఒకమ్మాయి నన్నూ అడిగింది. "ఇంట్లో అడిగి చెప్తా" అన్నా. అడగనేలేదు. తనకి పెళ్ళైపోయింది. నేను తాగలేదు, ఉద్యోగంలో పడ్డా. అంతే తేడా.

అందుకే ఆ కథ పాతబడదు. మీరెవరికైనా జవాబు బాకీ ఉంటే, వీడియో ఆపి ముందు అది చెప్పేయండి. అవునో, కాదో. ఉంటా మరి.