హాజరు పట్టీలో మన పేరు ఎవరి కోసం?

(చింతమడకలో విద్యార్థి, యువజనుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయిన వాళ్ల కోసం ఇక్కడ పెడుతున్నాం.)



ముందు నా తప్పు ఒకటి చెప్పి మొదలుపెడతా. డిగ్రీ రెండో సంవత్సరంల ఉన్నప్పుడు మా హాస్టల్‌కు ఒక ఫారం వచ్చింది. ఎస్టీ పిల్లలు మాత్రమే నింపాలన్నారు. పేరు, ఊరు, తండ్రి పేరు, ఫోన్ నంబర్. దాని కింద ఇంకో గడి: "ఏ సంఘంలో సభ్యులు?" ఎందుకని ఎవరమూ అడగలేదు. స్కాలర్‌షిప్ కోసమేమో అనుకున్నం. నా చేతిరాత బాగుంటదని అందరివీ నాతోనే రాయించిన్రు. నేను నీట్‌గా రాసిచ్చిన. నెల తిరగకముందే ఇద్దరు పిల్లల ఇండ్లకు మఫ్టీలో మనుషులు పోయి "మీ పిల్లగాడు మీటింగులకు పోతుండట, జాగ్రత్త" అని చెప్పొచ్చిన్రు. ఆ ఇద్దరూ మళ్లీ ఏ మీటింగ్‌కూ రాలేదు. ఎవరినీ కొట్టలేదు, ఎవరి మీదా కేసు పెట్టలేదు. ఒక్క కాగితం చాలింది.

ఈ ముచ్చట ఇంటికి పోయి మా తాతకు చెప్పిన. నేను ఎరుకల బిడ్డను. తాత నవ్వి అన్నడు: "మా నాయన పొద్దుగూకినంక పటేల్ ఇంటికి పోయి ఉన్ననని కనబడి వచ్చేటోడు. నీకు ఆ తిప్పలు కూడా లేదు, కాగితం నువ్వే రాసిచ్చినవ్."

మిత్రులారా, నిఘా మనకు ఫోన్లతో రాలేదు. 1871లో బ్రిటిషోళ్లు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చిన్రు. నేరం చేసినోడిని పట్టుకునే చట్టం కాదది. పుట్టిన కులాన్నే నేరం అన్న చట్టం. పేరు రిజిస్టర్‌ల ఎక్కాలె, వేలిముద్ర ఇయ్యాలె, ఊరు దాటాలంటే పాస్ ఉండాలె. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల వాళ్లను ఆ జాబితాలో పెట్టి, స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో ఉంచిన్రు. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేండ్లకు, 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. దాని జాగాలో అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చినయ్. ఇప్పటికీ ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఎవరి గుడిసె తలుపు కొడుతున్నరో మీకు నేను చెప్పాల్నా?

అందుకే ఎవరన్నా "తప్పు చెయ్యనోనికి భయమెందుకు?" అని అడిగితే మనకు నవ్వొస్తది. తప్పు చెయ్యకుండనే మన ముత్తాతలు హాజరు వేయించుకున్నరు.

ఇప్పటి సంగతికి వద్దాం. ములుగు జిల్లా తాడ్వాయి అంటే మన కోయల నేల, మేడారం ఉన్న మండలం. అక్కడి పోలీస్ స్టేషన్‌ల 2022 ఆగస్టులో ఉపా చట్టం కింద ఒక ఎఫ్‌ఐఆర్ నమోదైంది. అందులో 152 మంది పేర్లున్నయ్. ప్రొఫెసర్ హరగోపాల్ సారు పేరుంది. అప్పటికే చనిపోయిన ఒక మాజీ న్యాయమూర్తి పేరు కూడా ఉంది. ఈ సంగతి బయటికొచ్చింది 2023 జూన్‌ల. అంటే పది నెలలు, తమ మీద కేసున్నదని తెలియకుండనే చాలామంది బతికిన్రు. గొడవైనంక అప్పటి ముఖ్యమంత్రి కేసు ఎత్తేయమని డీజీపీకి చెప్పిన్రు. మంచిదే. కానీ జర ఆలోచించండి. హరగోపాల్ సారు పేరుంది కాబట్టి రాష్ట్రమంతా మాట్లాడింది. అదే జాబితాలో ఒక డిగ్రీ పిల్ల పేరు ఒక్కటే ఉంటే ఎవరు మాట్లాడేటోళ్లు?

చింతమడకలో ఈ మాట మాట్లాడటానికి ఒక కారణం ఉంది. ఈ ఊరి బిడ్డే రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. ఆయన కాలంలోనే 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో రాష్ట్రమంతా సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. తర్వాత శాఖల రికార్డులన్నీ కలిపి చూసే 'సమగ్ర వేదిక' వచ్చింది. కంప్యూటర్ ఎవరు అర్హులో, ఎవరు కాదో చెప్పుడు మొదలుపెట్టింది. 2016 నుంచి రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను ఇంటికి పోయి మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అంటే మన వివరాలు ఒక పని కోసం తీసుకుని ఇంకో పనికి వాడితే, చివరికి పోయేది మన కంచంల అన్నమే.

ప్రభుత్వం మారింది. 2024 మార్చిలో పంజాగుట్ట స్టేషన్‌ల ఫోన్ ట్యాపింగ్ కేసు నమోదైంది. ప్రతిపక్ష నాయకుల ఫోన్లు విన్నారని ఆరోపణ. నిజమేందో కోర్టు తేల్చాలె, నేను తీర్పు చెప్పను. కానీ పెద్ద పెద్ద నాయకులే "మా ఫోన్ విన్నరు" అని బాధపడుతుంటే, మన హాస్టల్ పిల్లల సంగతేంది? ఇక 2024 నవంబర్‌లో కొత్త ప్రభుత్వం మళ్లీ ఇంటింటి సర్వే చేసింది. లెక్కలు వద్దని నేను అనను. మన జనాభా లెక్క తేలకపోతే మన వాటా కూడా తేలదు. తీసుకున్న లెక్క పోలీస్ చేతికి పోదని రాతలో హామీ కావాలె, అంతే.

ఇప్పుడు చట్టాలు. రెండు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ (గుర్తింపు) చట్టం. 1920 నాటి పాత చట్టం పోయి ఇది వచ్చింది. అరెస్టు చేసినోళ్ల వేలిముద్రలు, అరచేయి, కాలి ముద్రలు, ఫోటో, కంటిపాప, సంతకం, చేతిరాత తీసుకోవచ్చు. వాటిని 75 ఏండ్లు దాచొచ్చు. ఇరవై ఏండ్ల పిల్లగాడు ధర్నాకు పోయి అరెస్టయి శిక్ష పడితే, తొంభై ఐదేండ్ల దాకా వాని వేలిముద్ర పోలీసుల దగ్గర ఉంటది. అయితే నిర్దోషిగా విడుదలైతే రికార్డు చెరిపేయాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. ఆ సంగతి ఎవరూ మనకు చెప్పరు. మనమే అడగాలె, కాగితం మీద అడగాలె.

రెండు, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. పేరుల రక్షణ ఉంది. కానీ భద్రత, శాంతిభద్రతల పేరు చెప్పి ఏ ప్రభుత్వ సంస్థకైనా మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికి ఇచ్చింది. అదే చట్టంతో సమాచార హక్కు చట్టంలో ఒక సెక్షన్ మార్చిన్రు, వ్యక్తిగత సమాచారం అని చెప్పి జవాబు ఇయ్యకుండా తప్పించుకునే దారి పెరిగింది. వాళ్లు మనల్ని చూడొచ్చు, మనం వాళ్లను చూడొద్దు.

మరి మన చేతిలో ఏముంది? ఉంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఒక్క మాట మీద గోప్యత ప్రాథమిక హక్కు అన్నరు. దాంట్లో ప్రభుత్వం తలదూర్చాలంటే చట్టం ఉండాలె, సరైన అవసరం ఉండాలె, అవసరానికి మించొద్దు. మా హాస్టల్ ఫారానికి ఈ మూడింటిల ఒక్కటీ లేదు.

హైదరాబాద్‌లో ఎస్.క్యూ. మసూద్ అనే కార్యకర్తను 2021 మేలో, లాక్‌డౌన్‌ల, రోడ్డు మీద ఆపి పోలీసులు ఫోటో తీసిన్రు. ఆయన ఊకోలేదు. ముఖ గుర్తింపు టెక్నాలజీ మీద తెలంగాణ హైకోర్టులో పిల్ వేసిండు. ఇప్పుడు బడులల్ల కూడా ముఖం చూపించి హాజరు వేస్తున్నరు. స్వీడన్ దేశంలో 2018లో ఒక బడి 22 మంది పిల్లలకు ఇట్లనే హాజరు వేసి చూసింది. తల్లిదండ్రులు ఒప్పుకున్నా సరే, బడి ముందు పిల్లలు కాదనలేరు కాబట్టి ఆ ఒప్పుదల చెల్లదని 2019లో అక్కడి అధికారులు జరిమానా వేసిన్రు. మన వార్డెన్ ముందు మన పిల్లలు కాదనగలరా?

ఇంటికి పోయినంక చేయాల్సినవి చెప్త, రాసుకోండి.

ఏ ఫారం వచ్చినా, ఏ ఉత్తర్వు కింద వచ్చిందో, ఎవరికి పోతదో అడగండి. ఒక్కరు అడిగితే భయపెడతరు. హాస్టలంతా కలిసి రాసి ఇయ్యండి.

రోడ్డు మీద ఫోన్ తెరవమంటే, అరవకుండా మర్యాదగా "రాతపూర్వకంగా నోటీసు ఇయ్యండి సార్" అనండి. పేరు, స్టేషన్, టైం రాసిపెట్టుకోండి.

అరెస్టయితే ఎందుకో చెప్పించుకునే హక్కు, వకీలును కలిసే హక్కు, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకు పోయే హక్కు రాజ్యాంగం 22వ అధికరణలో ఉన్నయ్.

ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. నంబర్ 15100. ఫోన్‌ల ఇప్పుడే సేవ్ చేసుకోండి.

చివరిగా ఒక మాట. ఆ ఇద్దరు మిత్రులల్ల ఒకరిని మొన్న కలిసిన. "మళ్లీ మీటింగ్‌కు రారా" అన్న. "నువ్వే కదా నా పేరు రాసింది" అన్నడు. నా దగ్గర జవాబు లేదు. ఆ చేతిరాతతోనే ఇప్పుడు సమాచార హక్కు దరఖాస్తు రాసిన: ఆ ఫారం ఎవరు అడిగిన్రు, ఎక్కడికి పోయింది అని. జవాబు వచ్చినా రాకపోయినా, ఇక్కడికే వచ్చి మీకు చెప్త. మీ హాస్టల్‌ల కూడా అట్లాంటి ఫారం నింపి ఉంటే, మీరూ ఒకటి రాయండి. రాయడం రాకపోతే నా దగ్గరికి రండి.

జోహార్ కొమురం భీం! జై ఆదివాసీ!