గ్రీన్ కార్డు నాటి ఉద్యోగము, పౌరసత్వము నాటి ప్రశ్న
(ఉగాది సభలో చదివిన ప్రసంగపాఠము)



పంచాంగములో ఆదాయ వ్యయములు, రాజపూజ్య అవమానములు వినిపింతురు గాని ఇమిగ్రేషను కచేరి ఏమి చేయునో చెప్పరు. కనుక పండుగపూటనే ఆ సంగతి కొంత ముచ్చటింపదలచినాము.

మేము పావగడ తాలూకావారము. తుమకూరు జిల్లాలో చేరినవారమే అయినను, పటము చూచినచో దాదాపు అన్ని దిక్కుల ఆంధ్రదేశమే మమ్ము చుట్టుకొని ఉండును. ఇంట తెలుగు, బడిలో కన్నడము. ఆ బడినుండి బయలుదేరి, బెంగుళూరు మీదుగా అమెరికా చేరిన మావారికి, మీలో అనేకులకు వలెనే, ఉద్యోగము ద్వారానే గ్రీన్ కార్డు లభించినది. ఉద్యోగులకు ఏటా కేటాయించు సుమారు 1,40,000 కార్డులలో ఏ ఒక్క దేశమునకును సాధారణముగా నూటికి ఏడుకు మించి ఈయరాదను నియమముచేత పదేండ్లకు పైగా కాచుకొన్నవారు మనలో ఎందరో. అంత కాచుకొన్న పిదప కార్డు చేతికందగానే, పీడ వదలినదని పాత కాగితములన్నియు అటక ఎక్కింతుము. చిక్కు అక్కడనే ఉన్నది.

ఐదేండ్లు నిండి ఎన్-400 దరఖాస్తు పెట్టినప్పుడు అధికారి ఆ ఐదేండ్ల నడవడిని మాత్రమే చూచునని మనవారి నమ్మకము. చట్టము అట్లు చెప్పదు. గ్రీన్ కార్డు సక్రమముగానే లభించినదని నిరూపించు భారము దరఖాస్తుదారునిదే. అనగా ఏ కంపెనీ మనకొరకు ఐ-140 వేసినది, ఏ పని యిచ్చెదమన్నది, ఆ పనిలో మనము నిజముగా చేరితిమా, ఎప్పుడు వదలితిమి అను ప్రశ్నలు మరల తలయెత్తవచ్చును.

కార్డు వచ్చిన పదవనాడే ఒకడు ఆ కంపెనీకి నమస్కారము పెట్టి వేరొకచోట చేరినాడనుకొందము. అది నేరము కాదు. ఇన్ని నెలలు ఉండితీరవలెనని చట్టములో ఎచ్చటను వ్రాసి లేదు. ఆరు నెలలని మనవారు చెప్పుకొనునది వట్టి వాడుకమాట. కాని కార్డు పుచ్చుకొన్ననాడు ఆ ఉద్యోగము చేయు ఉద్దేశము ఉండెనా యని అధికారి అడుగును. కంపెనీయే తీసివేసినచో ఆ ఉత్తరము, జీతపు చీటీలు, డబ్ల్యూ-2 కాగితములు జవాబు చెప్పును. ఐ-485 వేసి 180 దినములు గడచిన పిదప అదేవిధమైన పనికి మారవచ్చునని 2000 సంవత్సరపు చట్టము అనుమతించినది. అట్లు మారినవారు రెండు పనుల వివరములును దాచుకొనవలెను. మధ్యలో స్టేటసు తప్పినదని భయపడువారు కూడ ఉన్నారు. ఉద్యోగముమీద వచ్చినవారికి మొత్తము 180 దినములవరకు అట్టి లోపమును కార్డు ఇచ్చునాడు చట్టము మన్నించును. దాచి అబద్ధమాడుటను మాత్రము మన్నింపదు. కంపెనీ మూతపడి కాగితములు దొరకనిచో, సమాచార హక్కు క్రింద ఇమిగ్రేషను శాఖనుండియే మన ఫైలు నకలు తెప్పించుకొనవచ్చును.

కన్నడ కాగితముల సంగతి ఒక మాట. 1973 వరకు మాది మైసూరు రాష్ట్రము. ఇంగ్లీషులో ‘టుమ్కూరు’ అని వ్రాయబడిన జిల్లా 2014 నవంబరు 1 నుండి ‘తుమకూరు’ అయినది. బడిలో ఇంటిపేరు ఒక్క అక్షరము, పాసుపోర్టులో ఆరు అక్షరములు. కన్నడ పత్రమునకు ఇంగ్లీషు అనువాదమును, అనువాదకుని ధ్రువీకరణమును జతపరుపవలెను.

ఇక రాకపోకలు. తల్లికి జబ్బుచేసి పావగడలో ఏడు నెలలు ఉండిపోయినచో నిరంతర నివాసము తెగినదని మొదట తలంతురు. తెగలేదని మనము చూపవలెను. ఏడాది దాటినచో సాధారణముగా తెగినట్లే. ఐదేండ్లలో సగము, అనగా ముప్పది నెలలు, అమెరికాలో ఉండియే తీరవలెను.

మా తాలూకావారికి మరియొక చిక్కు సూర్యుడు తెచ్చినాడు! తిరుమణి చుట్టుపట్ల 13,000 ఎకరములలో సౌరవిద్యుత్తు పార్కు వెలసినది. 2018 మార్చిలో ప్రారంభమైనది. రైతులు భూమి అమ్మలేదు. 28 ఏండ్లకు కౌలుకిచ్చినారు; ఎకరమునకు ఏటా 21,000 రూపాయలతో మొదలై రెండేండ్లకొకమారు నూటికి ఐదు పెరుగును. వానలెరుగని సీమకు ఇది చిన్న ఆధారము కాదు. అయితే ఆ పొలము మన పేరనున్నచో, గ్రీన్ కార్డు వచ్చిననాటినుండి ఆ కౌలును అమెరికా పన్ను లెక్కలో చూపవలెను. అక్కడి బ్యాంకు ఖాతాలలో మొత్తము 10,000 డాలర్లు దాటిన సంవత్సరము దానికి వేరే నివేదిక. ఊరి డబ్బు ఊరిలోనే ఉన్నదిగదా అనుట చెల్లదు. పన్ను బాకీలను గూర్చి ఎన్-400లో అడుగుదురు.

ఈ చిక్కులతో దరఖాస్తు జాగుచేసినచో నష్టపడునది పిల్లలు. గ్రీన్ కార్డుతో మనవద్ద నివసించు బిడ్డకు పదునెనిమిది నిండకముందే తల్లిగాని తండ్రిగాని పౌరులైనచో బిడ్డయు తనంతట పౌరుడగును. ఒక్కరోజు దాటినను వాడు తన దరఖాస్తు తాను పెట్టుకొనవలసినదే.

ప్రమాణము చేసిన దినముననే భారత పౌరసత్వము పోవును. 1955 నాటి చట్టములోని తొమ్మిదవ సెక్షను అట్లున్నది. పాసుపోర్టు అప్పగించి ఓ.సి.ఐ. కార్డు తీసుకొనవచ్చును గాని దానితో ఓటు లేదు, వ్యవసాయభూమి కొనుటకు వీలు లేదు. తండ్రి పొలము వారసత్వముగా రావచ్చును, పహణీలో పేరు ఎక్కించుకొనవచ్చును. అమ్మదలచితిమా, భారతదేశములో నివసించు భారత పౌరునికే అమ్మవలెను.