అవిశ్వాసం పెట్టిన ఆచార్యుడు



కావలి నుంచి కృష్ణపట్నం దాకా మన తీరంలో పంతుళ్లకు అదనంగా ఇంకో ఓటుంది. గత ఆరేళ్లలో మూడేళ్లయినా హైస్కూల్లోనో, కాలేజీలోనో బోధించినవారు శాసనమండలికి తమ ప్రతినిధిని పంపుకోవచ్చు. ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు ఉపాధ్యాయ స్థానం నుంచి అలా వెళ్లిన విఠపు బాలసుబ్రహ్మణ్యం 2021లో మండలి ప్రొటెం చైర్మన్‌గా కూడా కూర్చున్నారు.

పాఠాలు చెప్పేవాళ్లకు చట్టసభలో ఏం పని అంటారు కొందరు. వాళ్లు పొరుగునే ఉన్న చిత్తూరు వైపు చూడాలి. కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో చదివి, బరోడాలో, మైసూరు మహారాజా కళాశాలలో బోధించారు. 1921లో మైసూరు ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి దిగారు. జస్టిస్ పార్టీ మనిషిగా మద్రాసు శాసనమండలిలో ఉండి, చివరికి ఆ పార్టీతోనే తెగతెంపులు చేసుకున్నారు. 1923 నవంబరులో ఆ పార్టీకే చెందిన పానగల్లు రాజా మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం పెట్టింది ఆయనే! అనుకూలంగా 44 ఓట్లు, వ్యతిరేకంగా 65. తీర్మానం వీగిపోయింది. అయినా నిన్నటిదాకా తనవాళ్లయినవారిని సభలో నిలబెట్టి లెక్క అడగడం చిన్న సంగతా?

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయ్యారు. 1930లో బ్రిటిషు సర్కారు అణచివేతకు నిరసనగా ఆ పదవీ వదిలేశారు. 1936లో మళ్లీ అదే కుర్చీకి వచ్చి, 1949 దాకా నడిపించారు.