కారు జారకుండ కాచు యంత్రము



కోవిల్పట్టి, విరుదునగరముల నడుమ కార్తికపు వానలలో ట్రాక్టరు చక్రముల వెంట నల్లరేగడి బురద రోడ్డెక్కును. అచ్చట మేక యడ్డువచ్చి స్టీరింగు చటుక్కున త్రిప్పినచో కారు వెనుకభాగము ప్రక్కకు జారును.

1995లో బాష్ సంస్థ మెర్సిడెస్ కార్లలో ప్రవేశపెట్టిన ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోలు అప్పుడే అక్కరకు వచ్చును. మనము త్రిప్పిన దిక్కును, బండి నిజముగా తిరుగు దిక్కును అనుక్షణము సరిచూచి, తేడా కనబడగానే కావలసిన చక్రమునకు మాత్రమే బ్రేకు వేయును. ఇంజను జోరు తగ్గించును. ఎంత నేర్పరికైనను ఇది సాధ్యము కాదు, మన కాలిక్రింది బ్రేకు ఒక్కటే గదా! అయినను అరిగిన టైర్లకు ఇది మందు కాదు.

2023 అక్టోబరునుండి జరుగుచున్న భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో 3 నక్షత్రములు రావలెనన్న ఇది యుండితీరవలెను. మనవారు సీటు కవర్లకు ధారాళముగా వెచ్చించి, ఇది లేని బండిని చవక యని తెచ్చుకొనుచున్నారు. సరకు చూచి కొను వర్తకులమే మనము!

ముందుపలకపై జారుకారు బొమ్మ పసుపుగా మినుకుమన్నచో యంత్రము పనిచేయుచున్నదని యర్థము; వేగము తగ్గింపుడు. ఆరక వెలిగినచో మీట ఆపియున్నదేమో చూడుడు, లేనిచో మెకానిక్కునకు చూపుడు.