కాంటా మన చేతికి రావాలె
(చిన్న కోళ్ల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము కోళ్లు పెంచేటోళ్లం. షెడ్డు మాది. దానికోసం బ్యాంకులో కుదువబెట్టిన భూమి మాది. కరెంటు బిల్లు, నీళ్లు, కింద పరిచే ఊక మావి. ఎండాకాలం నిద్ర మానుకొని రేకుల మీద నీళ్లు చల్లే కష్టం మాది. పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందు కంపెనీది. నలభై రోజులు దాటినంక రాత్రిపూట లారీ వస్తుంది. కాంటా వాళ్లదే, లెక్క వాళ్లదే. కిలోకు ఇంత అని పెంపకం కూలి చేతిలో పెడతారు. దాణా ఎక్కువ తిన్నయని కొంత, పిల్లలు చచ్చిపోయినయని కొంత అందులోంచే కోస్తారు. దీనికి కాంట్రాక్టు ఫామింగ్ అని పేరు. మేము మాత్రం సొంత షెడ్డులో కూలి అంటున్నం.

మరి సొంతంగా వేసుకుంటే? ఖర్చులో మూడింట రెండొంతులు దాణాకే పోతుంది. మక్కలు, సోయా ధర పెరిగితే ఆ దెబ్బ మనకే. కోడి తయారైనంక అమ్మకుండా ఆపలేం. ఆపితే రోజూ దాణా తింటుంది, బరువు మీరితే ధర తగ్గుతుంది. ఈ సంగతి ట్రేడర్‌కు మనకంటే బాగా తెలుసు. అందుకే రెండు రోజులు ఆలస్యం చేస్తడు. మనమే ఫోను చేసి బతిమాలుకుంటం.

2020 ఫిబ్రవరి, మార్చి నెలలు యాదికి తెచ్చుకోండి. కోడి తింటే కరోనా వస్తదన్న పుకారుతో ధర కుప్పకూలింది. సొంతంగా పెంచినోళ్లు నిండా మునిగిండ్రు. కాంట్రాక్టు షెడ్లు కొత్త బ్యాచ్ దిగక ఖాళీగా ఉన్నయి. బ్యాంకు కిస్తీ మాత్రం ఆగలేదు.

2019 పశుగణనలో తెలంగాణలో 8 కోట్ల కోళ్లు తేలినయి. దేశంలో మూడో స్థానం మనది. ఆ 8 కోట్లలో పెంచినోని మాట చెల్లేవి ఎన్ని? 2014లో రాష్ట్రం వచ్చింది. నీళ్ల లెక్క అడిగి కొట్లాడినోళ్లం, కాంటా లెక్క అడగొద్దా?

ఇది అయ్యే పనేనా అని అడిగేవాళ్లకు ఒక ఊరి ముచ్చట చెప్తం. మధ్యప్రదేశ్‌లో అప్పటి హోషంగాబాద్, ఇప్పటి నర్మదాపురం జిల్లాలో కేస్లా అనే ప్రాంతం ఉంది. అక్కడి ఆదివాసీ మహిళలు ప్రదాన్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో ఇంటి పక్కన చిన్న షెడ్లు వేసుకొని బాయిలర్ కోళ్లు పెంచిండ్రు. 2001లో సహకార సంఘం రిజిస్టర్ చేసుకున్నరు. పిల్లలు, దాణా, మందులు సంఘమే టోకున తెస్తది. కోళ్లను సంఘమే అమ్ముతది. సుఖ్‌తవా చికెన్ అని సొంత పేరుతో మాంసం కూడా అమ్మిండ్రు. పెంచిన మహిళకు పనితనాన్ని బట్టి కూలి కడతరు. మార్కెట్ ధర పడితే ఆ బరువు ఒక్క ఇంటి మీద పడదు, సంఘం మోస్తది. చూడండి, పద్ధతి కంపెనీదే. కానీ కంపెనీకి యజమానులు ఆ అక్కలే. తేడా అంతా అక్కడుంది.

మనకు సంఘం కొత్త కాదు. ముల్కనూరు సహకార సంఘం 1956లో పుట్టింది. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద అదే ముల్కనూరులో మహిళలు 2000లో స్వకృషి డెయిరీ పెట్టుకున్నరు. పాలల్లో అయిన పని కోళ్లల్లో ఎందుకు కాదు?

మేము అనుకున్న లెక్క ఇది. ఎనిమిది కుటుంబాలు కలవాలె. ఒక్కొక్కరు 300 పిల్లలు, వారానికొకరు చొప్పున వేయాలె. పెంపకానికి ఆరు వారాలు, షెడ్డు కడిగి ఆరబెట్టడానికి రెండు వారాలు. అప్పుడు ప్రతి వారం ఒక ఇంటి కోళ్లు తయారుగా ఉంటయి. వారానికి ఆరు రోజులు, రోజుకు 50 కోళ్లు. 2011 ఆహార భద్రతా నిబంధనల్లో చిన్న యూనిట్లకు పెట్టిన హద్దు కూడా రోజుకు 50 కోళ్లే. మొదలుపెట్టే ముందు ఆఫీసుకు పోయి ఇప్పటి నిబంధన తెలుసుకొని రిజిస్ట్రేషన్ చేయించాలె.

రెండు కిలోల కోడికి దాదాపు కిలో నాలుగు వందల గ్రాముల మాంసం వస్తది. వారానికి 420 కిలోలు. అంటే వారానికి కిలో తీసుకునే 420 ఇండ్లు చాలు. ఉద్యోగ సోదరులారా, మీ కాలనీల్లో అన్ని ఇండ్లు లేవా? శుక్రవారం ఆర్డరు చెప్పండి, ఆదివారం పొద్దున ఇంటికి తెస్తం. విద్యార్థి మిత్రులారా, లెక్కల పుస్తకం రాసిపెట్టండి. వెటర్నరీ చదివేటోళ్లు నెలకొకసారి షెడ్లు చూసిపోండి.

కోసే గది చిన్నదైనా శుభ్రంగా ఉండాలె. పారే నీళ్లు, కడగడానికి వీలైన గోడలు, మాంసం చల్లగా ఉంచే పెట్టె తప్పనిసరి. ఈకలు, పేగులు చెరువులో పారబోస్తే ఊరే మనల్ని వెళ్లగొడతది. ఊళ్లో చికెన్ కొట్టు నడిపే తమ్ముడు మన శత్రువు కాదు. కోసే పనితనం ఆయన దగ్గరుంది, ఆయన్నీ సంఘంలోకి పిలుద్దాం. హలాల్ అడిగే ముస్లిం సోదరులూ మన ఖాతాదార్లే. జబ్బు కోడిని మాత్రం ఎవరూ అమ్మొద్దు. మూకుమ్మడిగా చస్తే దాచకుండా పశువైద్యునికి చెప్పాలె. ఒక్కరు దాస్తే ఎనిమిది ఇండ్లు మునుగుతయి.

ఒక మాట దాచకుండా చెప్తం. వేల కోళ్ల షెడ్డుకు తెచ్చిన అప్పు 300 కోళ్లతో తీరదు. కంపెనీని రేపే వదలమని మేము ఎవరికీ చెప్పం. కంపెనీ బ్యాచ్ నడిచే షెడ్డులో సంఘం కోళ్లు కలపొద్దు, రోగం అంటుకుంటది. కానీ అక్కడ కూడా కాంటా దగ్గర మనిషి నిలబడాలె, చీటీ చేతికి తీసుకోవాలె. ఒక్కడు అడిగితే వచ్చే బ్యాచ్ ఆపుతరు. మండలమంతా అడిగితే ఎన్ని షెడ్లు ఆపుతరు?

ఈ సభ నుంచి ఉత్త చేతులతో పోవద్దు. మండలానికి ఎనిమిది పేర్లు రాసి ఇయ్యండి. షెడ్డు మనది, కష్టం మనది. కాంటా కూడా మనదే కావాలె.