అమ్మాయి మరో కుట్టు అడిగితే



మా అమ్మాయికి పదమూడేళ్ళు. మొన్న వేసవి సెలవుల్లో నేను బియ్యం ఏరుకుంటుంటే పక్కన చేరి, "అమ్మా, నా చెవులకి ఇంకో రెండు కుట్లు వేయించవూ? ఒకటి తమ్మెకి, ఒకటి పైన" అంది. "ఉన్నవి చాల్లే, వెళ్ళు" అని కసిరేశాను. పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది.

మా అత్తగారు ఈ మాటలు విన్నారు. "ఏడాది నిండకుండానే, అది గుక్కపట్టి ఏడుస్తున్నా ఒళ్ళో అదిమిపెట్టి కుట్టించాం. అప్పుడు దాన్నెవరూ అడగలేదు. ఇప్పుడు అదే నోరు తెరిచి అడుగుతుంటే వినను కూడా వినవేమ్మా?" అన్నారు. ఆవిడకి ఒకప్పుడు కమ్మలకి పైన బావిలీలుండేవి. పై కుట్టు ఇవాళ పుట్టిన ఫాషనేం కాదు మరి!

నిజానికి నా భయం వేరు. మా చెల్లెలు కాలేజీలో చదివేటప్పుడు సరదాపడి తమ్మెకి రెండో కుట్టు వేయించుకుంది. గాయం మానినచోట కండ పెరిగి, చింతగింజంత గట్టికాయ కట్టింది. కోయించుకుంటే మళ్ళీ వచ్చింది. దీన్ని డాక్టర్లు కెలాయిడ్ అంటారు. ఈ లక్షణం కొన్ని కుటుంబాల్లో వస్తూంటుందిట. ఈ సంగతి పిల్లకి చెప్పకుండా ఊరికే కసిరాను. అదీ నా తప్పు.

మర్నాడు దాన్ని చర్మవ్యాధుల డాక్టరమ్మగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ నాతో కాదు, పిల్లతోనే మాట్లాడారు. తమ్మె మెత్తటి కండ కనక కుట్టు ఆరేడు వారాల్లో మానుతుందిట. పైభాగంలో ఉన్నది మృదులాస్థి. దానికి సొంతంగా రక్తనాళాలుండవు. అంచేత మానడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది కూడా పడుతుంది. అక్కడ చీము పడితే లోపలి మృదులాస్థి కరిగి చెవి ముడుచుకుపోవచ్చు. మళ్ళీ మామూలు ఆకారం రావడం కష్టం. పైన కుట్టడానికి దుకాణాల్లో వాడే గన్ను అసలు పనికిరాదు, శుద్ధిచేసిన కొత్త సూదే వాడాలి అన్నారు. "మీ పిన్నికి కాయ కట్టింది కనక నీకూ రావచ్చు, రాకపోనూవచ్చు. ముందుగా చెప్పలేం" అన్నారు.

దారిలో మా చెల్లెలింట్లో ఆగాం. పిల్ల వాళ్ళ పిన్ని చెవిని వేలితో తడిమి చూసింది. రెండురోజులు ఏమీ మాట్లాడలేదు. మూడోరోజున, "ఇప్పుడు వద్దులే అమ్మా. పద్దెనిమిదేళ్ళు నిండాక మళ్ళీ ఆలోచిస్తా. అప్పుడు మాత్రం కాదనకూడదు" అంది. సరేనని మాటిచ్చాను. ఆ రోజు వస్తే మాట నిలుపుకోవడం నాకే కష్టం కావచ్చు. అయినా నిలుపుకోవాలి.

మీ ఇంట్లో ఎవరికీ ఇలాంటి కాయలు కట్టకపోతే, పిల్ల కోరిక నాలుగు నెలలైనా నిలిస్తే, తమ్మెకి రెండో కుట్టు వేయించడంలో పెద్ద ప్రమాదం లేదు. స్కూలు నిబంధన ముందు కనుక్కోండి. సెలవుల మొదట్లో వేయించండి. నికెల్ కలిసిన చవక కమ్మలు పెట్టకండి, దురదపెట్టి రసి కారుతుంది. చేతులు కడుక్కోకుండా ముట్టుకోనివ్వకండి. రోజూ ఉప్పునీళ్ళతో శుభ్రం చేయించండి. కమ్మని అదేపనిగా తిప్పనివ్వకండి. ఎర్రగా వాచి, నొప్పి, జ్వరం ఉంటే పసుపూ నూనే రాస్తూ కూచోకుండా డాక్టరుకి చూపించండి. పై కుట్టు మాట మాత్రం పిల్ల పెద్దదయ్యేదాకా ఆపండి.

ఔననండి, కాదనండి, ఎందుకో మాత్రం పిల్లకి చెప్పండి. చెవి దానిది కదా!