పైపులో లీకు, పాటలో కీచు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఉద్యోగం కబుర్లు వద్దు, ఇంట్లో పిల్లలకు పనికొచ్చేది ఏదైనా పది నిమిషాలు చెప్పు" అన్నారు. నా ఉద్యోగం మంచినీటి పైపులైన్లు. ముప్పై ఏళ్లుగా ఎక్కడ నీరు కారుతోంది, ఎక్కడ ఒత్తిడి ఎక్కువైంది అని వెతకడమే పని. చిత్రమేమిటంటే ఇంట్లో మా అమ్మాయికి నేను సాయపడగలిగింది కూడా ఆ విద్యతోనే. రికార్డర్ ఊదడంలో.

రికార్డర్ అంటే పాటలు పట్టే టేపు రికార్డర్ కాదు. జానెడున్నర పొడవుండే ప్లాస్టిక్ పిల్లనగ్రోవి. ముందు ఏడు రంధ్రాలు, వెనక బొటనవేలికి ఒకటి. మన వేణువును పెదవి కింద అడ్డంగా ఆనించి ఊదాలి, పిల్లలకు శబ్దం పలకడానికే కొన్ని రోజులు పడుతుంది. దీన్ని కొబ్బరాకు బూరలా నోట్లో పెట్టుకుని ఊదితే చాలు, లోపలున్న సన్న దారి గాలిని తీసుకెళ్లి ఒక పదునైన అంచుకు కొడుతుంది, కూత వస్తుంది. అందుకే చాలా దేశాల బడుల్లో పిల్లలకు ముందు దీన్నే ఇస్తారు. మన బడిలో మా రోజుల్లో ఊదే వస్తువు డ్రిల్లు మాస్టారి విజిల్ ఒక్కటే. అది ఎప్పుడూ శ్రుతి తప్పలేదు.

2009లో నాకు పుణెకు బదిలీ అయింది. అమ్మాయిని అక్కడ నాలుగో తరగతిలో చేర్చాం. ఆ క్లాసు పిల్లలు అప్పటికే ఏడాదిగా రికార్డర్ నేర్చుకుంటున్నారు. మా అమ్మాయి ఊదితే కీచుమంటోంది. వార్షికోత్సవానికి ఏడు వారాలుంది. "నువ్వు నోటి దగ్గర పెట్టుకుని వేళ్లు కదుపు, ఊదకు" అని చెప్పారట. నలభై మంది పిల్లలతో ఒక పాట ఒప్పించాల్సిన టీచరు కష్టం నాకు అర్థమవుతుంది. కానీ భాష రాని ఊళ్లో, స్నేహితులింకా కుదరని తొమ్మిదేళ్ల పిల్ల. ఏడవలేదు. దాన్ని సంచిలోంచి తీసి అలమారా పైన పెట్టేసి, ఇక బడికి తీసుకెళ్లనంది. రెండు రోజులయ్యాక బడికే వెళ్లనంది.

సంగీతంలో నాకు సరిగమలు వరుసగా చెప్పడం వచ్చు, అంతే. కాబట్టి దాన్ని సంగీతంగా చూడకుండా ఎనిమిది కన్నాల పైపుగా చూశాను. కీచు ఎప్పుడొస్తుంది? రెండే కారణాలు కనిపించాయి. కన్నం సరిగ్గా మూసుకోకపోవడం, లేదా గాలి ఎక్కువ కావడం.

మొదటిదానికి మాకు దొరికిన పరీక్ష చెబుతాను, ఇంట్లో రికార్డర్ ఉన్నవాళ్లు ఈ రాత్రే చేసి చూడొచ్చు. పిల్ల వేళ్లన్నీ పెట్టి కాసేపు నొక్కి ఉంచాక చేతులు తిప్పి చూడండి. వేలి మెత్త మీద గుండ్రని ముద్ర పడాలి. పూర్తి గుండ్రం ఉంటే మూత బాగున్నట్టు. అర్ధచంద్రం ఉంటే అక్కడ లీకు. మా అమ్మాయికి ఎడమచేతి ఉంగరం వేలి మీద ఎప్పుడూ అర్ధచంద్రమే. తను వేలి కొసతో మూస్తోంది, మెత్తతో మూయాలి. ఇంకో మాట, ఎడమచెయ్యే పైన ఉండాలి. ఎడమచేతి వాటం పిల్లలకైనా అంతే, కింది కన్నాల అమరిక కుడిచేతి కోసం చేసింది.

రెండోది గాలి. పిల్లలు బుడగ ఊదినట్టు ఊదుతారు. వేడి అన్నం చల్లార్చినట్టు ఊదినా దీనికి ఎక్కువే. అద్దం మీద ఆవిరి పట్టించడానికి ఊదుతామే, అంత చాలు. కింది స్వరాలకు ఇంకా తక్కువ. ఎక్కువ ఊదితే స్వరం పైకి లేచి, ఆపైన మొత్తంగా పై స్థాయికి ఎగిరిపోతుంది. ఆ ఎగరడమే కీచు. ప్రతి స్వరాన్నీ నాలుకతో "దు" అని మొదలుపెట్టాలి. మన వేణువు వాళ్లకూ ఇది ఉంది, తుత్తుకారం అంటారు. ఊదే ముందు పై ముక్కను అరచేతుల్లో పెట్టి వెచ్చచేస్తే ఆవిరి నీరై లోపలి దారిని మూసెయ్యడం తగ్గుతుంది. అయినా మూసుకుంటే పై కిటికీని అరచేత్తో కప్పి ఒక్కసారి గట్టిగా ఊదండి, నీరు బయటికొస్తుంది. పిన్నీసు, పుల్ల పెట్టి పొడవకండి. ఆ అంచు చెడితే ఇక ఆ వాయిద్యం పనికిరాదు. పాలో బిస్కెట్టో తిన్న నోటితో ఊదనివ్వకండి, పుక్కిలించమనండి.

నేనూ ఒకటి కొనుక్కున్నాను. రోజూ సాయంత్రం పది నిమిషాలు, గడియారం పెట్టుకుని, పదకొండో నిమిషం లేకుండా. పక్క ఫ్లాటు వాళ్ల సహనానికీ ఒక హద్దుంటుంది కదా. ఇద్దరం ఒకే స్వరం ఊదితే ఎవరిది తప్పో చెప్పే చెవి నాకు లేదు, కానీ తేడా ఉందని తెలుసుకోవడానికి చెవి అక్కర్లేదు. ఆ చిన్న రికార్డర్ మీద జి అనే స్వరం సెకనుకు దాదాపు 784 కంపనాలు. ఒకరిది 784, మరొకరిది 780 అయితే సెకనుకు నాలుగుసార్లు "వావ్ వావ్" అని అల వినిపిస్తుంది. గాలి కాస్త తగ్గించి, కాస్త పెంచి చూస్తే అల నెమ్మదించి ఆగిపోతుంది. ఫిజిక్సు క్లాసులో శ్రుతిదండాలు పెట్టి మాస్టారు చూపించిన విస్పందనాలే అవి. మా అమ్మాయికి అదొక ఆటయింది. అల ఆగగానే ఊదుతూనే కళ్లతో నవ్వేది.

అప్పుడు మా అమ్మ మా దగ్గరే ఉంది. చిన్నప్పుడు పెళ్లికి ముందు నాలుగేళ్లు పాట నేర్చుకున్న మనిషి. ఆవిడకు ఈ బి, ఎ, జి గొడవ నచ్చలేదు. రికార్డర్ మీద పిల్లలకు మొదట నేర్పేవి ఆ మూడు స్వరాలే. ఎడమచేతి వేళ్లు ఒకటి, రెండు, మూడు మూస్తూ పోతే వరసగా అవి వస్తాయి, వెనక బొటనవేలు మూసే ఉంటుంది. నాలుగో రోజు వంటింట్లోంచి "గ రి స ఊదుతోందేమిటే" అంది. జిని షడ్జమం అనుకుంటే సరిగ్గా అంతే. జి అంటే మనవాళ్ల లెక్కలో అయిదు కట్టె శ్రుతి, చాలామంది ఆడవాళ్లు పాడుకునే శ్రుతి. మా అమ్మ గొంతు అక్కడే. పైన డి పంచమం, ఇ దైవతం. అంటే మోహన రాగం పిల్ల వేళ్ల కింద సిద్ధంగా ఉంది. ఆ రోజు నుంచి నాకు పని తగ్గింది. ఆవిడ సోఫాలో కూచుని ఒక ముక్క పాడేది, ఇది ఊదేది. "గమకం లేదే దీనికి, చదును చేసిన రోడ్డులా ఉంది" అని సణిగేది, ఆపేది మాత్రం కాదు. క్లాసు పాట బీతోవెన్‌ది, 'ఓడ్ టు జాయ్'. వినగానే "ఇది శంకరాభరణం మెట్లే కదా" అంది. మా అమ్మాయికి బడిలో పరాయిగా ఉన్న పాటకు ఇంట్లో ఒక పేరు దొరికింది.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. రెండో పాటలో ఎఫ్ అనే స్వరం. లీకు లేదు, గాలి సరిగ్గానే ఉంది, అయినా క్లాసులో కలవడం లేదు, కిందికి జారుతోంది. రికార్డర్లలో రెండు రకాలున్నాయి, బరోక్ పద్ధతి, జర్మన్ పద్ధతి. జర్మన్‌లో ఎఫ్ సులువుగా వేళ్లు వరసగా మూస్తే వస్తుంది. బరోక్‌లో నాలుగో కన్నం మూసి, అయిదోది వదిలి, ఆరూ ఏడూ మూయాలి. క్లాసు పుస్తకం బరోక్‌ది, మా దుకాణంవాడు ఇచ్చింది జర్మన్‌ది. ముందువైపు పైనుంచి లెక్కపెట్టండి. అయిదో కన్నం నాలుగోదాని కన్నా చిన్నగా ఉంటే అది జర్మన్. పిల్లకు చెవి లేదని అనుకునే ముందు ఆ రెండు కన్నాలు చూడండి. ఇప్పుడు కొనేవాళ్లు బరోక్‌దే కొనమంటాను. జర్మన్‌లో ఆ ఒక్క సులువు కోసం పైన ఎఫ్ షార్ప్ లాంటివి ఇబ్బంది పెడతాయి.

కొత్తది కొన్నాం. ఆరో వారంలో అమ్మాయి తనే టీచరు దగ్గరికి వెళ్లి ఒంటరిగా ఊదుతానని అడిగిందట. ఆవిడ విని, రెండో వరసలో నిలబెట్టారు. వార్షికోత్సవం రోజున నేనూ, మా ఆవిడా, మా అమ్మా చెవులు రిక్కించి కూచున్నాం. మా అమ్మాయి రికార్డర్ ఏదో ఎంత విన్నా తెలియలేదు. నలభై మందిలో కలిసిపోయింది. మా ముగ్గురికీ అంతకన్నా కావలసింది ఏమీ లేదు.

ఇప్పుడు తను ఉద్యోగంలో ఉంది. రికార్డర్ వాయించడం ఏడో తరగతిలోనే మానేసింది. పాట మాత్రం మానలేదు, మా అమ్మ పోయేదాకా ఫోనులో ఇద్దరూ పాడుకునేవారు.

హెడ్మాస్టర్ గారితో మాట్లాడాను. శనివారం చివరి పీరియడ్ ఇస్తామన్నారు. ఇరవై నాలుగు రికార్డర్లు తెచ్చాను, అన్నీ బరోక్‌వే, ఆఫీసు గదిలో అట్టపెట్టెలో ఉన్నాయి. సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టాలి, నోటి వస్తువు కాబట్టి ఏ పిల్లది ఆ పిల్లకే, పేరు రాసి ఇవ్వాలి. మొదటి నాలుగు శనివారాలు నేను వస్తాను. ఆ తర్వాత ఊళ్లోనే ఉంటున్న మన బ్యాచీల వాళ్లు ఇద్దరు కావాలి. సంగీతం రానవసరం లేదు. భోజనాలయ్యాక ఆ గదికి రండి, చేతులు కడుక్కుని.